ఊరికి మిలిటరీ ఎయిర్‌ఫీల్డ్ వస్తోందంటే ఏం చేయాలి: మొదటి కబురు నుంచి అవార్డు దాకా

రెండు రోజులుగా మీ చేలల్లో ఎవరో కొత్త మనుషులు మూడు కాళ్ల స్టాండు మీద మెషీన్ పెట్టి కొలతలు తీస్తుంటారు, అడిగితే రోడ్డు సర్వే అంటారు, రెవెన్యూ వాళ్లని అడిగితే మాకూ తెలీదంటారు, ఈలోగా బ్రోకర్లు కార్లేసుకుని వచ్చి ఎకరం ఎంత చెప్తున్నారని వాకబు చేస్తుంటారు. ఆ తర్వాత పేపర్ జిల్లా ఎడిషన్లో ఓ మూలన చిన్న వార్త వస్తుంది: ఫలానా మండలంలో వైమానిక దళానికి ఇన్ని వందల ఎకరాల గుర్తింపు అని. చాలా ఊళ్లకి మొదటి కబురు అలాగే అందుతుంది. ఆ రోజు నుంచి ఏం చేయాలో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను. నేను లాయర్ని కాదు. మా వైపు భూసేకరణ గొడవల్లో కాగితాలు మోసిన మనిషిని, అంతే.

ముందు ఈ భ్రమలు వదిలించుకోండి

నిరసన టెంటు వేసిన మొదటి రోజే ఎవరో ఒకరు లేచి "80 శాతం మంది రైతులు ఒప్పుకోకపోతే భూమి తీసుకోలేరు, 2013 భూసేకరణ చట్టంలో ఉంది" అంటారు. ఉంది, కానీ మీకు కాదు. ఆ 80 శాతం ప్రైవేటు కంపెనీల కోసం తీసుకునేటప్పుడు, 70 శాతం ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టులకి. ప్రభుత్వం తన సొంత అవసరానికి, అందులోనూ రక్షణ అవసరానికి తీసుకుంటే ఆ సమ్మతి లెక్క వర్తించదు.

రెండో భ్రమ, పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు, అక్కడ అడ్డుకుందాం అన్నది. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో దేశ రక్షణకి సంబంధించిన ప్రాజెక్టులకి ప్రజా సంప్రదింపుల నుంచి మినహాయింపు ఉంది. షామియానా, మైకు, కలెక్టర్ గారు కూర్చునే ఆ సభ మీకు రాకపోవచ్చు. అయితే ఇక్కడో మెలిక ఉంది. నాయకులు జనాన్ని ఊరించడానికి "పౌర విమానాలు కూడా ఇక్కడి నుంచే ఎగురుతాయి, హైదరాబాద్‌కి గంటలో వెళ్లొచ్చు" అంటుంటారు కదా, ఆ మాట లిఖితపూర్వకంగా ఎక్కడైనా దొరికితే దాచుకోండి. వాణిజ్య వాడకానికి అంటే లెక్క మారుతుంది, అప్పుడు పర్యావరణ అనుమతి ఎందుకు తీసుకోలేదని అడగొచ్చు.

మూడోది మన రెండు రాష్ట్రాలకీ ప్రత్యేకం, చాలామందికి తెలియనిది కూడా. కేంద్ర చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అంచనా చేయాలి, గ్రామసభతో మాట్లాడాలి, ఆ రిపోర్టు తెలుగులో పెట్టాలి. కానీ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో తెచ్చిన సవరణల్లో 10ఎ అనే సెక్షన్ చేర్చుకున్నాయి. దాని కింద రక్షణ ప్రాజెక్టులని ఈ సామాజిక ప్రభావ అంచనా నుంచి రాష్ట్ర ప్రభుత్వం మినహాయించవచ్చు. మినహాయించాలంటే నోటిఫికేషన్ ఇవ్వాలి. ఇచ్చారా లేదా? ఇస్తే నంబరెంత, తేదీ ఎంత? మీరు వేసే మొదటి ప్రశ్నల్లో ఇది ఉండాలి.

అంటే ఇక చేసేదేమీ లేదా? ఉంది. "అసలు వద్దు" అనే మాట ఊరేగింపుకి సరిపోతుంది, కాగితం మీద మాత్రం పోరాటం మూడు ప్రశ్నల మీద నడవాలి: ఇక్కడే ఎందుకు, ఇంత భూమి ఎందుకు, పద్ధతి పాటించారా. రక్షణ శాఖ అనే మాట వినగానే నోరు పడిపోతుంది మనకి. ఈ మూడూ దేశభక్తికి అడ్డొచ్చే ప్రశ్నలు కావు, ఏ ఆఫీసులోనైనా అడగదగ్గవి.

మొదటి పదిహేను రోజులు: ఇంటి కాగితాలు

మీటింగుల కంటే ముందు ఇది. సెక్షన్ 11 కింద ప్రాథమిక నోటిఫికేషన్ పడిన రోజు నుంచి ఆ సర్వే నంబర్లలో అమ్మకాలు, కొనుగోళ్లు, తాకట్లు ఆగిపోతాయి. తాత పేరు మీదే ఉన్న భూమి, అన్నదమ్ములు నోటి మాటగా పంచుకున్న భూమి, సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్ల కాగితం ఒప్పందం) మీద కొన్న భూమి, ఇవన్నీ అప్పుడు పీకల మీదికొస్తాయి. చనిపోయినవాళ్ల పేర్ల మీద ఉన్నవి వెంటనే వారసుల పేర్ల మీదికి మార్పించుకోండి. తెలంగాణలో భూభారతిలో, ఆంధ్రాలో మీభూమిలో, మీ విస్తీర్ణం నేల మీద ఉన్నదానితో సరిపోతుందో లేదో చూడండి. పాత పహాణీలు, అడంగళ్లు సర్టిఫైడ్ కాపీలు తీసి పెట్టుకోండి. బోరు, బావి, మామిడి చెట్లు, పైపులైను, కొట్టం, అన్నీ తేదీ పడేలా ఫోటోలు తీయండి. చెట్టుకి కూడా లెక్క కడతారు, కానీ చూపించిన చెట్టుకే.

అసైన్డ్ భూమి ఉన్నవాళ్లకి ఎవరో ఒకరు వచ్చి "అది సర్కారు భూమి, మీకు రూపాయి రాదు" అని భయపెడతారు. నమ్మకండి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చేవెళ్ల భూసేకరణ కేసులో, అసైన్డ్ భూమిని ప్రజా ప్రయోజనం కోసం వెనక్కి తీసుకున్నా పట్టా భూమి యజమానితో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఆ తీర్పు ప్రతి ఒకటి టెంటులో పెట్టుకోండి.

కౌలు రైతులు, కూలీల సంగతి అందరూ ఆఖర్న తలుచుకుంటారు. తప్పు. భూమి లేకపోయినా, సేకరణకి ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలుదారు, కూలీ కుటుంబాలు కూడా చట్టంలో "ప్రభావిత కుటుంబం" కిందికే వస్తాయి. ఆంధ్రాలో అయితే కౌలు రైతులకిచ్చే సాగు హక్కు పత్రం, అంటే సీసీఆర్‌సీ కార్డు ఉంటే రుజువు సులువు, లేకపోతే ఎరువుల బిల్లులు, ధాన్యం కొనుగోలు రశీదులు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఏది దొరికితే అది.

సమాచార హక్కు దరఖాస్తు: ఎలా అడిగితే ఇస్తారు

"ఎయిర్‌ఫీల్డ్ వివరాలన్నీ ఇవ్వండి" అని రాస్తే దేశ భద్రత, సెక్షన్ 8(1)(ఎ) అని ఒక్క లైనులో తిప్పి కొడతారు. రన్‌వే డిజైను, విమానాల సంఖ్య లాంటివి అడగనే అడగొద్దు, అవి మీకు అక్కర్లేదు కూడా. భూమి గురించి అడగండి. గుర్తించిన సర్వే నంబర్ల జాబితా, భూమి కావాలంటూ కలెక్టరేట్‌కి వచ్చిన రిక్విజిషన్ లేఖ నకలు, జాయింట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, పరిశీలించిన ఇతర స్థలాల పేర్లు, వాటిని ఎందుకు వద్దనుకున్నారో ఫైలు నోటింగులు, 10ఎ నోటిఫికేషన్ ఉంటే నకలు. ఒక్కో దరఖాస్తులో ఒకటి రెండు అంశాలే పెట్టండి, నలుగురు నాలుగు వేయండి. ఒకదానికి లేదన్న కాగితం ఇంకోదానికి జవాబుగా రావడం మామూలే.

మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. రక్షణ శాఖకి కూడా ఆన్‌లైన్లో 10 రూపాయలతో వేయొచ్చు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ లాంటి కొన్ని సంస్థలకి ఈ చట్టం నుంచి చాలావరకు మినహాయింపు ఉంది, వైమానిక దళం మాత్రం ఆ జాబితాలో లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, లేదన్నా, మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. అందులో సమాచార హక్కు చట్టం సెక్షన్ 10 పేరు చెప్పండి, రహస్యం ఉన్న ముక్క కత్తిరించి మిగతాది ఇవ్వాలని ఉంటుంది అందులో.

అసలు పోరాటం ఎకరాల దగ్గర

నన్నడిగితే సగం శక్తి ఇక్కడే పెట్టాలి. యుద్ధవిమానాల రన్‌వే సాధారణంగా 9 వేల అడుగుల దగ్గర ఉంటుంది, అంటే సుమారు 2.7 కిలోమీటర్లు. దాని పొడవునా మొత్తం అర కిలోమీటరు వెడల్పు పట్టీ వేసుకున్నా దాదాపు 335 ఎకరాలు. షెడ్లు, ఇంధనం, ఆయుధాల నిల్వ, వాటికి భద్రతా దూరం, క్వార్టర్లు, వీటన్నిటికీ ఇంకా కావాలి, కాదనను. కానీ 1,500 అడిగితే మిగతా 1,165 దేనికి అని అడిగే హక్కు మీకుంది. అత్యవసర క్లాజు అయిన సెక్షన్ 40 వాడితే ఈ ప్రశ్నకి ఇంకా బలం, ఎందుకంటే దేశ రక్షణకి కావలసిన కనీస విస్తీర్ణం మించకూడదని ఆ సెక్షన్లోనే రాసుంది.

ఈ పని జరుగుతుందా అంటే, భోగాపురం చూడండి. అది పౌర విమానాశ్రయం, మిలిటరీ కాదు, కాబట్టి రెండూ ఒకటే అనను. కానీ 15 వేల ఎకరాల మాటతో మొదలైన ప్రతిపాదన, జనం రోడ్డెక్కి, రైతులు హైకోర్టుకెళ్లాక, 5 వేల పైచిలుకుకి, చివరికి 2,700 దగ్గరికి దిగింది. విమానాశ్రయం ఆగలేదు, కానీ ఎన్నో ఊళ్లు నిలబడ్డాయి. దీన్ని ఓటమి అని రాసేవాళ్లున్నారు. నేను రాయను.

దామగుండం ఇంకో రకం. వికారాబాద్ జిల్లాలో నౌకాదళం రేడియో కేంద్రానికి (జనం రాడార్ కేంద్రం అంటారు) దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి. అడవిని కాపాడాలని సంఘాలు కొట్లాడాయి, హైకోర్టు దాకా వెళ్లాయి, అయినా 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగిపోయింది. నాకు అర్థమైంది ఇది: అడవి భూమిలో పట్టాదారు ఉండడు, అభ్యంతరం చెప్పే 60 రోజుల గడువుండదు, అవార్డు (కలెక్టర్ పరిహారం తేల్చి ఇచ్చే ఉత్తర్వు) ఉండదు. మీ దగ్గర అడవి కలిసి ఉంటే అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత, సామూహిక క్లెయిములు ఈరోజే వేయించండి, దేవుడి గుళ్లకి పోయే దారితో సహా.

షెడ్యూల్డ్ ప్రాంతం అయితే మీ చేతిలో ఉన్నది మైదాన ప్రాంతం వాళ్లకి లేనిది. సెక్షన్ 41 ప్రకారం గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సమ్మతి ఉండాలి, అత్యవసర సేకరణలో కూడా. 10ఎ మినహాయింపు ఈ సెక్షన్‌ని తాకదు. అందుకే ఏజెన్సీ ఊళ్లలో గ్రామసభని రాత్రికి రాత్రి పెట్టి సంతకాలు తీసుకునే ప్రయత్నం జరగొచ్చు. రిజిస్టరు ఎవరి దగ్గరుందో రోజూ కన్నేసి ఉంచండి. మైదాన ప్రాంతంలో గ్రామసభ తీర్మానం ప్రభుత్వాన్ని కట్టి పడేయదు గానీ సాక్ష్యంగా పనికొస్తుంది, కాబట్టి అదీ చేయండి, ఎజెండాతో, హాజరు సంతకాలతో.

ఇక "ఇక్కడే ఎందుకు" అన్న ప్రశ్న. సేద్యపు నీటితో ఏడాదికి రెండు మూడు పంటలు పండే భూమిని ఆఖరి మార్గంగానే తీసుకోవాలని కేంద్ర భూసేకరణ చట్టం సెక్షన్ 10 చెప్తుంది, అయితే 10ఎ నోటిఫికేషన్ పడితే దీనికీ మినహాయింపు వస్తుందని గుర్తుంచుకోండి. రక్షణ శాఖ చేతిలో దేశవ్యాప్తంగా దాదాపు 18 లక్షల ఎకరాలున్నాయి. మన దగ్గరే దొనకొండ, మామునూరు లాంటి పాత ఎయిర్‌స్ట్రిప్‌లున్నాయి. ఆంధ్రాలో కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి 16 మీదే 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వే కట్టారు, 2022 డిసెంబరులోనూ 2024 మార్చిలోనూ అక్కడ వైమానిక దళం విన్యాసాలు చేసింది. హైవే ముక్క పూర్తి స్థావరానికి బదులు కాదు, అలా వాదిస్తే నవ్వుతారు. ఏ ప్రత్యామ్నాయాలు చూశారో ఫైలులో చూపించమని అడగడానికి మాత్రం ఇవి పనికొస్తాయి. ఒక్కటే జాగ్రత్త: మాకొద్దు, పక్క మండలంలో పెట్టుకోండి అని మాత్రం రాయకండి. ఆ ఊరివాళ్లు రేపు మీ టెంటుకి రావలసినవాళ్లు.

భూమి పోనివాళ్లని కూడా కలుపుకోండి

రన్‌వే బయట ఉన్నవాళ్లు "మాది పోదుగా, రేటు పెరుగుతుంది" అనుకుంటారు. వాళ్లతో కూర్చుని మాట్లాడండి. 1903 నాటి వర్క్స్ ఆఫ్ డిఫెన్స్ చట్టం కింద రక్షణ స్థావరం చుట్టూ కట్టడాల మీద ఆంక్షలు పెట్టొచ్చు. విమానాలు దిగే దారిలో ఇళ్ల ఎత్తు, టవర్ల ఎత్తు, అన్నిటికీ అనుమతులు. పక్షులు రాకుండా విమానాశ్రయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర జంతువధకీ చెత్త పారబోయడానికీ నిషేధం ఉండేది మన విమానయాన నిబంధనల్లోనే, అంటే ఆదివారం మటన్ కొట్టు కూడా లెక్కలోకొచ్చేది.

నలుగురైదుగురు వైమానిక దళ స్థావరాలున్న దుండిగల్ వైపో బీదర్ వైపో వెళ్లి ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఒక పూట ఉండి రండి. బడిలో పాఠం ఎన్నిసార్లు ఆగుతుందో, కోళ్ల ఫారాలవాళ్లు ఏమంటారో, ఇంటి అనుమతులు ఎలా ఉన్నాయో అడిగి రాసుకోండి. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర శిక్షణ విమానం కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఆ సంగతి చెప్పేటప్పుడు చనిపోయినవాళ్ల మీద గౌరవంతో చెప్పండి. భయపెట్టడానికి వాడితే అక్కడే మీ మాట విలువ పోతుంది.

అలాగే అక్కడ మంచి జరిగితే అదీ చెప్పండి. పిల్లలకి ఉద్యోగాలొచ్చాయని ఎవరైనా అంటే ఎన్ని, ఏ పనులు, కాంట్రాక్టా పర్మనెంటా అని అడగండి.

దేశద్రోహి మాటకి జవాబు

ఇది వస్తుంది. వాట్సాప్‌లో మొదలై టీ కొట్టు దాకా వస్తుంది. దీనికి జవాబు చెప్పాల్సింది మీ ఊరి మాజీ సైనికులు. మన దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లే ఉన్నాయి, ఏ పల్లెలో చూసినా ఇద్దరు ముగ్గురు జవాన్లుంటారు, వాళ్ల భూములు కూడా ఆ సర్వే నంబర్లలోనే ఉంటాయి. టెంటులో ముందు వరసలో వాళ్లని కూర్చోబెట్టండి, మొదట మాట్లాడేది కూడా వాళ్లే. బ్యానర్ మీద సైన్యాన్ని గానీ యూనిఫామ్‌ని గానీ అనే ఒక్క మాట ఉండకూడదు. తాగి వచ్చి మైకు లాక్కునేవాణ్ని ఆపడానికి ఇద్దరు పెద్దమనుషులు రోజూ ఉండాలి, నవ్వకండి, ఒక్క వీడియో చాలు.

పోలీసుల వైపు నుంచి, సభలకీ ఊరేగింపులకీ అనుమతి కావాలనే పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందని, 163 పెట్టామని, అంటే పాత 144, చెప్తారు. ముందే అనుమతి అడిగి దరఖాస్తు మీద స్టాంపు వేయించుకోండి. పెద్దవాళ్లని తహసీల్దార్ ముందు బైండోవర్ చేస్తే, అంటే గొడవ చేయమని పూచీకత్తు రాయించుకుంటే, కంగారు పడకండి, అది శిక్ష కాదు, షరతులు చదివే సంతకం పెట్టండి. సర్వే రాళ్లు పీకడం, అధికారిని నెట్టడం, జీపు అద్దం పగలగొట్టడం, ఇవి చేస్తే ఊరంతా కోర్టుల చుట్టూ తిరుగుతుంది, అవతల రన్‌వే లేస్తుంది. డ్రోన్లు ఎగరేయకండి, రక్షణ స్థావరాల ఫోటోలు తీయకండి, మిలిటరీ వాహనాల వీడియోలు పోస్టు చేయకండి. అధికార రహస్యాల చట్టంతో పిల్లల జీవితాలు ఆడుకోవడానికి కావు.

ఎలా నిలబడాలో చూడాలంటే ఒడిశాలో బాలాసోర్ జిల్లా బలియాపాల్. 1980లలో క్షిపణి పరీక్షా కేంద్రం కోసం అక్కడి తమలపాకు తోటలు, కొబ్బరి, వేరుశనగ పండే తీరభూములు అడిగారు. ఆఫీసర్ల బండి కనబడగానే శంఖాలు ఊది, పళ్లేలు మోగించి, ఊరు ఊరంతా దారికి అడ్డం వచ్చేది. రోడ్ల మీద గేట్లు కట్టి కాపలా కాశారు. ఆ కేంద్రం బలియాపాల్‌లో రాలేదు. జార్ఖండ్‌లో నేతర్‌హాట్ కాల్పుల శిక్షణ ప్రాంతం మీద 245 ఊళ్లు 1994 మార్చి 22, 23 తేదీల్లో సైన్యాన్ని వెనక్కి పంపి, అప్పటి నుంచి ప్రతి ఏడాదీ అవే తేదీల్లో కలుస్తూ వచ్చాయి. నోటిఫికేషన్ గడువు ఇక పొడిగించేది లేదని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది 2022 ఆగస్టులో. ఇరవై ఎనిమిదేళ్లు! కాబట్టి రిలే దీక్షలు మొదలుపెట్టే ముందు వరి కోతలకి ఎవరు వెళ్తారు, టెంటు అద్దె ఎవరు కడతారు, ఖర్చుల పుస్తకం ఎవరి దగ్గర, ఇవి తేల్చుకోండి. చందాల లెక్క వారం వారం గోడకి అంటించండి. పోరాటాలు పోలీసులకంటే ఎక్కువగా చందాల దగ్గరే విరిగిపోతాయి, మావైపు ఒకటి అలాగే విరిగింది.

ఆ 60 రోజులు

సెక్షన్ 11 నోటిఫికేషన్ గెజిట్‌లో, రెండు దినపత్రికల్లో, పంచాయతీ, తహసీల్, ఆర్డీఓ, కలెక్టర్ ఆఫీసుల్లో పెట్టాలి. పేపర్ అంటే మీరు చదివే పేపరే కానక్కర్లేదు. మాకు ఓ నోటీసు ఎవరూ కొనని పేపర్లో పడింది, తెలిసేసరికి మూడు వారాలు పోయాయి. ఒక కుర్రాడికి ఇదే పని అప్పజెప్పండి, రోజూ బోర్డులు చూసి ఫోటో తీసి గ్రూపులో పెట్టడం.

నోటిఫికేషన్ ప్రచురించిన రోజు నుంచి 60 రోజుల్లో సెక్షన్ 15 అభ్యంతరం కలెక్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వాలి. సామాజిక ప్రభావ అంచనా ఎత్తేసినా ఈ దశ ఉంటుంది, సెక్షన్ 40 వాడితే మాత్రం ఇదీ పోవచ్చు, అప్పుడు వెంటనే హైకోర్టే. ఒకే జిరాక్సు మీద 300 సంతకాలు పెట్టి ఇవ్వకండి, దాన్ని ఒకే అభ్యంతరంగా చూసి ఒకే పేరాలో కొట్టేస్తారు. ఎవరి సర్వే నంబరు వాళ్లు, ఎవరి బోరు, ఎవరి పంట, ఎంతమంది బతుకుతున్నారు, ఇంత భూమి ఎందుకు అక్కర్లేదు, ఎవరికి వాళ్లు రాయాలి. చివర్లో "నన్ను స్వయంగా విచారించాలి" అన్న లైను మర్చిపోవద్దు, అది మీ హక్కు. ఇన్‌వర్డ్ సెక్షన్లో స్టాంపు, తేదీ, నంబరు పడ్డ నకలు లేకుండా మెట్లు దిగకండి. దానితో పాటే రిజిస్టర్డ్ పోస్టు కూడా పంపండి. విచారణ లేకుండా కొట్టేస్తే హైకోర్టులో మీ రిట్‌కి బలం ఆ స్టాంపే.

ఆగకపోతే

అన్నీ చేసినా భూమి పోవచ్చు. అప్పుడు పరిహారం లెక్క తెలియాలి. రిజిస్ట్రేషన్ విలువా, చుట్టుపక్కల అమ్మకాల సగటా, ఏది ఎక్కువైతే అది, దానికి పల్లెల్లో 1 నుంచి 2 మధ్య రాష్ట్రం పెట్టిన గుణకం, దాని మీద 100 శాతం సొలేషియం, అంటే భూమి బలవంతంగా పోయినందుకు ఇచ్చే అదనపు సొమ్ము. అత్యవసరంగా తీసుకుంటే ఇంకో 75 శాతం వస్తుందని బ్రోకర్లు చెప్తారు. దేశ భద్రత, వ్యూహాత్మక ప్రయోజనాలకి సంబంధించిన ప్రాజెక్టులకి ఆ అదనం ఇవ్వక్కర్లేదని అక్కడే షరతు ఉంది, దాన్ని నమ్ముకుని అప్పులు చేయకండి. ముందే ఒప్పంద పత్రం మీద సంతకం పెడితే ఎక్కువిస్తామని పిలిస్తే, ఆ కాగితం లాయర్‌కి చూపించకుండా వేలిముద్ర వేయొద్దు, తర్వాత పెంచమని అడిగే దారి మూసుకుపోవచ్చు.

డబ్బు తీసుకునే రోజు రశీదు మీద "నిరసనతో తీసుకుంటున్నాను" అని మీ చేత్తో రాయండి. రాయకుండా తీసుకుంటే సెక్షన్ 64 కింద పెంపు కోసం, ఈ వివాదాలు తేల్చే అథారిటీకి పంపమని కలెక్టర్‌ని అడిగే అర్హత ఉండదు. అవార్డు ప్రకటించినప్పుడు మీరు ఎదురుగా ఉంటే ఆ దరఖాస్తుకి ఆరు వారాలే గడువు, కాబట్టి అవార్డు రోజు తేదీ ఇంటి క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టి పెట్టుకోండి.